పిల్లల చేత నీళ్ల లెక్క కట్టించడం ఎలా?

నీళ్ల గురించి పిల్లలకు చెప్పాలంటే చాలా బడుల్లో జరిగేది ఒకటే. మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం, ఒక వ్యాసరచన పోటీ, చార్టు మీద నీలం రంగు బొట్టు, దాని కింద ఒక నినాదం. ఆ నినాదం గడగడా అప్పజెప్పే పిల్లను పిలిచి, మీ ఇంట్లో రోజుకు ఎన్ని లీటర్లు వాడతారమ్మా అని అడిగి చూడండి. చెప్పలేదు. తప్పు ఆ పిల్లది కాదు, ఎవరూ కొలవమని చెప్పలేదు.

కింద చెప్పే పనులన్నీ కొలతకు సంబంధించినవే. 5 నుంచి 8 తరగతుల పిల్లలకు సరిపోతాయి. బడిలో టీచర్లు చేయించవచ్చు, ఇంట్లో అమ్మానాన్నలూ చేయించవచ్చు. జూన్‌లో బడి తెరిచాక మొదలుపెడితే వానలు కలిసొస్తాయి. ముందుగా సమకూర్చుకోవలసినవి: లీటరు నీళ్ల సీసాలు, 10 మి.లీ., 50 మి.లీ. సిరంజిలు (సూది తీసేసి), కొలిచే టేపు, ఒక గరాటు, హ్యాండ్‌వాష్ సీసాల పంపులు రెండు, ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం. కొత్తగా కొనాల్సినవి పెద్దగా ఉండవు.

మొదట ఇంటి లెక్క

లెక్క రాయించే ముందు పాత్రలు కొలిపించండి. ఈ మెట్టు దాటేస్తే ఆ తర్వాతదంతా ఊహే. ఇంట్లో వాడే బకెట్, బిందె, చెంబు, మగ్గు ఒక్కొక్కటీ తీసుకుని లీటరు సీసాతో ఎన్నిసార్లు పోస్తే నిండుతుందో చూసి, పాత్ర మీద మార్కర్‌తో రాయాలి. బకెట్ మీద 20 లీటర్లని అచ్చు వేసి ఉన్నా అంచు దాకా ఎవరూ పట్టరు. మామూలుగా పట్టే చోటు దగ్గరే గీత గీసి, అక్కడి కొలతే తీసుకోవాలి.

షవర్, కుళాయి వాడేవాళ్లు ఒక లీటరు మగ్గు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తే చాలు. 8 సెకన్లు పట్టిందంటే నిమిషానికి ఏడున్నర లీటర్లు. పళ్లు తోముకున్నంతసేపు, అంటే రెండు నిమిషాలు, కుళాయి తిప్పి వదిలేస్తే 15 లీటర్లు పోయినట్టు. ఆ గుణకారం పిల్లలే చేయాలి, మీరు చెప్పకండి. లెట్రిన్ ఫ్లష్ ట్యాంకుకైతే నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి, ఖాళీ అయిన ట్యాంకును సీసాలతో నింపి లెక్కపెట్టాలి. పాత ట్యాంకుల్లో 10 లీటర్ల దాకా పడుతుంది. రెండు మీటలున్న కొత్తవాటిలో చిన్న మీటకు 3, పెద్ద మీటకు 6 లీటర్లు ఉంటాయి.

ఇప్పుడు మూడు రోజుల పట్టిక. అందులో ఒకటి ఆదివారం కావాలి. తలంటు, దుప్పట్లు, ఇల్లు కడగడం అన్నీ ఆ రోజే కాబట్టి లెక్క పెరుగుతుంది. వరుసలు ఇవి: స్నానం, బట్టలు, అంట్లు, వంట–తాగడం, లెట్రిన్, వాకిలి–ఇల్లు, మొక్కలు, పశువులు. పట్టికను బాత్రూం తలుపుకు, వంటింటి గోడకు అంటించి, వాడినవాళ్లే అప్పటికప్పుడు ఒక గీత గీయాలి. రాత్రి కూర్చుని గుర్తుతెచ్చుకుని రాస్తే అందరి అంకెలూ గుండ్రంగా 50, 100 అని వస్తాయి. అలాంటి పట్టిక కనబడితే మళ్లీ రాయించండి.

సాధారణంగా వచ్చే తప్పులు రెండు. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోనో మొక్కలకో పోస్తారు కదా, వాటిని రెండుసార్లు రాస్తారు. మొదటి వాడకం కిందే రాసి, పక్కన 'మళ్లీ వాడాం' అని గుర్తు పెట్టించాలి. ఇక పశువుల నీళ్లను మనుషుల లెక్కలో కలిపేస్తారు. అవి వేరే ఉంచి, మిగతా మొత్తాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో, మళ్లీ 3 రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు ఎన్ని లీటర్లో తేలుతుంది.

దాన్ని దేనితో పోల్చాలి? 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని పెట్టుకుంది. నగరాలకు పెట్టుకున్న లెక్క 135. తరగతిలో అన్ని ఇళ్ల అంకెలూ బోర్డు మీద పేర్లు లేకుండా రాయండి. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఎక్కువ వాడిన ఇంటి పిల్లను నిలబెట్టడం, తక్కువ వాడిన ఇంటికి చప్పట్లు కొట్టించడం వద్దు. 30 లీటర్లతో గడుపుతున్న ఇల్లు పొదుపు చేయడం లేదు, ఆ ఇంటికి నీళ్లు చాలడం లేదు.

అందుకే పట్టికలో ఇంకో గడి పెట్టించండి: నీళ్లు ఎవరు తెచ్చారు, ఎన్ని నిమిషాలు పట్టింది. వీధి కుళాయో చేతిపంపో ఉన్న చోట ఈ గడిలో ఎవరి పేర్లు ఎక్కువ పడతాయో వేరే చెప్పక్కర్లేదు. తరగతిలో అబ్బాయిలు ఆ గడి చూసి గమ్మున ఉండిపోతే ఉండనివ్వండి.

కారే కుళాయి

ఇది పది నిమిషాల పని. కారే కుళాయి కింద గిన్నె పెట్టి, సరిగ్గా 10 నిమిషాలకు తీసి సిరంజితో కొలవాలి. 150 మి.లీ. వచ్చాయనుకోండి. గంటకు 900 మి.లీ., రోజుకు 21.6 లీటర్లు. అంటే ఒక బకెట్. బడిలో ఉన్న కుళాయిలన్నీ ఇలా కొలిచి, జాబితాను హెడ్మాస్టరు గారికి పిల్లలే ఇస్తే బాగుంటుంది. చాలా కుళాయిల్లో పాడయ్యేది లోపలి వాషరే. వారం తర్వాత మళ్లీ కొలవడం మాత్రం మరవకండి.

వానమాపకం

మొత్తంలో ఎక్కువ రోజులు నడిచేది, పిల్లలకు ఎక్కువ నేర్పేది ఇదే. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులు చేసి అదే సీసాలో పెట్టి, పక్కన స్కేలు అంటించమని పాఠాల్లో ఉంటుంది. అది సరిగా పనిచేయదు. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది, నడుము దగ్గర సన్నబడుతుంది. స్కేలు మీద 10 మి.మీ. చూపించినా నిజంగా పడింది అంత ఉండదు. దానికి బదులు ఇలా చేయండి.

పైన 11.3 సెం.మీ. వెడల్పున్న గరాటు వెతకండి. ఎందుకు 11.3? అంత వెడల్పున్న వృత్తం వైశాల్యం దాదాపు 100 చదరపు సెం.మీ. వస్తుంది. అప్పుడు గరాటులో పడిన ప్రతి 10 మి.లీ. నీళ్లూ 1 మి.మీ. వానతో సమానం. పొద్దున సీసాలో నీళ్లు సిరంజితో తీసి, వచ్చిన మి.లీ.ను పదితో భాగిస్తే అయిపోయింది. అలాంటి గరాటు దొరక్కపోతే ఉన్నదాని వెడల్పు కొలిచి వైశాల్యం కట్టించండి. 10 సెం.మీ. గరాటుకు 1 మి.మీ. వానంటే 7.85 మి.లీ. 15 సెం.మీ.దానికి 17.7 మి.లీ. ఎనిమిదో తరగతి పిల్లలకు వృత్త వైశాల్యం ఎందుకు చదవాలో అక్కడ తెలుస్తుంది. వెడల్పు కొలిచేటప్పుడు గరాటు అంచు లోపలి వైపు నుంచి లోపలి వైపుకు కొలవాలి.

గరాటును రెండు లీటర్ల సీసాలో గట్టిగా దిగేలా పెట్టి, చుట్టూ టేపు వేయండి. సీసాను ఇటుకల మధ్య గానీ, నేలలో సగం పాతిన పీవీసీ గొట్టం ముక్కలో గానీ నిలబెట్టాలి. వేగంగా వీచే గాలికి పడిపోవడమే దీనికి వచ్చే మొదటి జబ్బు. గరాటు అంచు నేలకు కనీసం 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి. అంతకంటే కిందుంటే నేల మీద పడిన చినుకులు చిట్లి లోపలికి ఎగురుతాయి. చెట్టుకు గానీ గోడకు గానీ దాని ఎత్తుకు రెండింతలు దూరం ఉండాలి. మూడు మీటర్ల గోడ ఉంటే ఆరు మీటర్ల అవతల. డాబా మీద పెట్టేద్దామనిపిస్తుంది, కానీ అక్కడ గాలి చినుకుల్ని పక్కకు తోసేసి కొలత తగ్గిపోతుంది. మేకలు, కోతులు ఉన్న ఊళ్లో చుట్టూ ముళ్లకంప వేయక తప్పదు. ఆకులు పడకుండా గరాటు మెడలో చిన్న వల ముక్క పెట్టండి.

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకే చూడాలి. వాతావరణ శాఖ దేశమంతా వాన కొలిచే వేళ అదే. నిన్న పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఈ రోజు పొద్దున ఎనిమిదిన్నర దాకా పడింది ఈ రోజు తేదీ కిందికి వస్తుంది. కొలిచాక నీళ్లు పారబోయాలి. మరచిపోతే రేపటి లెక్కలో కలుస్తాయి. పేపర్లో వచ్చే 'భారీ వర్షం' అన్న మాటకు కొలత ఉందని పిల్లలకు అప్పుడు చెప్పండి. 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

రెండు మూడు వానలు కొలిచాక కప్పు లెక్క చేయించండి. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే ఒక లీటరు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పున్న డాబా 80 చదరపు మీటర్లు. 25 మి.మీ. వానకు 2000 లీటర్లు. డాబా కొంత పీల్చుకుంటుంది, కొంత చిట్లిపోతుంది కాబట్టి 0.8తో గుణిస్తే 1600 చేతికొస్తాయి. ఇక అనంతపురం తీసుకోండి. అక్కడి సగటు వాన ఏడాదికి సుమారు 550 మి.మీ. అదే డాబా మీద ఏడాదికి 35,200 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. మనిషికి 55 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి 160 రోజుల నీళ్లు. అంత కరువు జిల్లాలో కూడా ఇంత పడుతుందా అని పిల్లలు నమ్మరు. లెక్క మళ్లీ చేస్తారు. చేయనివ్వండి.

అవి ఎక్కడికి పోతున్నాయన్నది తర్వాతి ప్రశ్న. వానలో గొడుగు వేసుకుని బడి చుట్టూ తిరిగి, గొట్టం నుంచి పడ్డ నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయో చూపించండి.

డబ్బాలో బోరు

భూమిలోపల నదులు పారుతుంటాయని, బోరు వేస్తే ఆ నదిలో దిగుతుందని పెద్దలు కూడా అనుకుంటారు. ఈ నమూనా ఆ అపోహ తీర్చడానికి. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పున్న పారదర్శక డబ్బా తీసుకోండి. ఇసుకను నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగాలి. బద్ధకించి రెండుసార్లకే ఆపితే అంతా బురదై డబ్బాలో ఏమీ కనబడదు. అడుగున 2 సెం.మీ. గులకరాళ్లు, పైన 10 సెం.మీ. ఇసుక. హ్యాండ్‌వాష్ పంపుల గొట్టాల కొసలకు పలుచని పాత చున్నీ గుడ్డ రెండు మడతలు చుట్టి, రబ్బరు బ్యాండు వేయండి. గుడ్డ లేకపోతే ఇసుక రేణువు పోయి పంపులో ఇరుక్కుంటుంది, పంపు అక్కడితో సరి. ఒక గొట్టం డబ్బా అడుగుదాకా, రెండోది సగం లోతుకే దిగాలి.

ఒకటిన్నర లీటరు నీళ్లు నెమ్మదిగా ఒక మూల పోస్తే, ఇసుక సందుల్లో నిండి మట్టం సుమారు 7 సెం.మీ. దగ్గర ఆగుతుంది. డబ్బా మీద గీత గీయించండి. ఇద్దరు పిల్లలు చెరో పంపూ నొక్కాలి. ఒక్కో నొక్కుకు ఒకటిన్నర, రెండు మి.లీ. మాత్రమే వస్తాయి, కాబట్టి ఓపిక కావాలి. కాసేపటికి తక్కువ లోతు పంపులో గాలి వస్తుంది. పక్కవాడి బోరు పనిచేస్తూనే ఉంటుంది. ఏమీ వివరించకుండా ఆ పిల్లల ముఖాలు చూస్తే చాలు.

తర్వాత ఒక మూల ఇసుక మీద నాలుగు చుక్కల సిరా పోసి, పైన కొంచెం నీళ్లు చల్లి, మళ్లీ పంపు కొట్టించండి. కాసేపటికి రంగు నీళ్లు వస్తాయి. సెప్టిక్ ట్యాంకు పక్కన బోరు ఎందుకు కూడదో అర్థమవుతుంది. సిరాకు బదులు పసుపు, కుంకుమ వాడకండి. అవి కరగవు, ఇసుక పైనే ఆగిపోతాయి.

అయితే ఒక్క ఇసుక డబ్బాతో ఆపితే మన నేలకు అబద్ధం చెప్పినట్టే. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు నేలకు ఇది సరిపోతుంది. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. దానికి రెండో డబ్బా చేయాలి. అడుగున 5 సెం.మీ. బంకమట్టి గట్టిగా అదమండి. దానిపైన డబ్బాలో సగం మేరకే ఒక వేలెడు మందాన గులకరాళ్లు పరచి, ఆ రాళ్ల వరుసను డబ్బా అంచున పైదాకా తీసుకురండి. మిగతాదంతా మళ్లీ బంకమట్టి. పైన తేలిన రాళ్ల మీద పోసిన నీళ్లు లోపలికి దిగుతాయి, మట్టి మీద పోసినవి పక్కకు జారిపోతాయి. ఇప్పుడు పిల్లలు పెన్సిలుతో పైనుంచి బోర్లు వేయాలి. కొన్నిచోట్ల గులకరాళ్లు తగిలి నీళ్లొస్తాయి, కొన్నిచోట్ల ఎంత దించినా పొడే. అదే పొలంలో పది బోర్లు వేసి అప్పులపాలైన రైతు కథ ఆ డబ్బాలో ఉంది. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూశాక, ఇంకుడు గుంత ఎక్కడ తవ్వినా ఒకటేనా అన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది.

ఊళ్లో నీళ్లున్న పాత బావి ఉంటే నెలకు రెండుసార్లు మట్టం కొలిపించండి. నైలాన్ తాడుకు మీటరుకొక ముడి, కొసన బరువైన చిన్న గ్లాసు బోర్లించి కట్టాలి. నీళ్లకు తగలగానే టప్పుమంటుంది. నూలు తాడు తడిస్తే పొడవు మారుతుంది, వద్దు. మోటారు వేయకముందు, పొద్దుటే, బావి ఒరలో ఒకే చోటు నుంచి కొలవాలి. వచ్చిన కొలతలోంచి ఒర ఎత్తు తీసేయాలి. తాడు దించేది పెద్దవాళ్లే, పిల్లలు అడుగు దూరంలో నిలబడి అంకె రాస్తారు. ఇది పిల్లల ఆటేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల రైతులు భూగర్భ జలాల పథకం కింద వాన, బోర్ల నీటి మట్టం తామే కొలిచి, రబీలో ఏ పంట ఎంత వేయాలో ఆ అంకెలు ముందు పెట్టుకుని కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ పంట లెక్క పిల్లలకూ వేయించండి. ఎకరం 4047 చదరపు మీటర్లు. నేలను బట్టి మారినా వరికి ఒక పంటకాలంలో 1200 మి.మీ., వేరుశనగకు 500 మి.మీ. అనుకుంటే, ఎకరా వరికి 48 లక్షల లీటర్లు దాటుతుంది, వేరుశనగకు 20 లక్షలు. కారే కుళాయి రోజుకు 21.6 లీటర్లు. కుళాయి కట్టేస్తే నీటి కరువు తీరిపోతుందని పిల్లలకు చెప్పకూడదు, ఎందుకంటే అది నిజం కాదు. కుళాయి బాగుచేయాలి, పంట సంగతి కూడా మాట్లాడాలి.

చెరువు నడక

ఒక పూట కేటాయించండి. ముందు రోజే ఊరి పెద్దమనిషిని, ఇంకా ఉంటే నీరటిని (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషిని), మాట్లాడి పెట్టుకోవాలి. పాఠం ఆయనే చెప్తాడు. ఇరవై మంది పిల్లలకు కనీసం ముగ్గురు పెద్దవాళ్లు ఉండాలి. నీళ్లలోకి దిగడం లేదు, మట్టి కోసం తవ్విన గుంతల దగ్గరికి అసలు పోకూడదు. పూడిక తీసిన చోట పైకి లోతు లేనట్టు కనబడే నీళ్ల కింద నిలువు గుంతలుంటాయి.

పిల్లలు పటం గీస్తూ నడవాలి. కట్ట, తూము (పొలాలకు నీళ్లు వదిలే దారి), అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు, తెలంగాణలో మత్తడి), శిఖం (నీళ్లు నిలిచే నేల), ఆయకట్టు (చెరువు కింద సాగయ్యే పొలాలు), నీళ్లొచ్చే వాగు. తూము ఎన్ని ఎకరాలకు పారుతుంది? అలుగు చివరిసారి ఏ ఏడాది పారింది? అలుగు దాటిన నీళ్లు ఏ ఊరి చెరువులోకి పోతాయి? ఈ మూడో ప్రశ్నకు జవాబు దొరికితే గొలుసుకట్టు అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు. ఇక వాగు వెంట ఎగువకు అర కిలోమీటరు నడిపించండి. చెరువులోకి నీళ్లు రాకపోవడానికి కారణం సాధారణంగా చెరువు దగ్గర ఉండదు, అక్కడ ఉంటుంది: పూడ్చిన కాలువ, అడ్డంగా వేసిన రోడ్డు, ప్లాట్ల రాళ్లు. పటం మీద గుర్తు పెట్టించండి, ఎవరిదని మాత్రం రాయించకండి. పిల్లల్ని ఊరి తగాదాలో దించడం మన పని కాదు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. మీ పిల్లల చేత తమ చెరువుకు అలాంటి జాబితా రాయించి చూడండి.

డెల్టా ఊళ్లలో ఈ నడక వేరుగా ఉంటుంది. అక్కడ చెరువు కాలువ నీళ్లతో నింపుకునేది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఎన్ని అడుగుల మేర నింపారు, ఎన్ని నెలలు రావాలి అన్నదే లెక్క. హైదరాబాద్ పిల్లలైతే తమ కుళాయి నీళ్లు మంజీరావా, కృష్ణావా, గోదావరివా, లేక 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్‌వా అని కనుక్కుని, ఎంత దూరం నుంచి వస్తున్నాయో పటం మీద గీయాలి.

తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

సీసాలో గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పొరలుగా వేసి బురద నీళ్లు పోస్తే కింద తేటగా దిగుతాయి. ప్రతి సైన్స్ ఫెయిర్‌లోనూ ఉండేదే. ప్రమాదం ఏమిటంటే, ఆ నీళ్లు తాగొచ్చనుకుంటారు. క్రిములు ఆ వడపోతకు ఆగవు. పోసే నీళ్లలో చెంచాడు ఉప్పు కూడా కలిపించండి. కింద తేటగా వచ్చినా ఉప్పు అలాగే ఉంటుంది. దాన్ని రుచి చూడనివ్వకండి, రెండు చుక్కలు స్టీలు మూత మీద వేసి ఎండబెడితే తెల్లటి మరక కనబడుతుంది.

క్రిముల కోసం హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలు వాడతారు. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, గది వేడిమిలో 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. నల్లబడిన సీసాను పిల్లలు తెరవకూడదు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి, పెద్దవాళ్లే పారేయాలి.

నల్గొండ, ప్రకాశం వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ మాట తప్పదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 దాకా. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు. నీళ్లు కాచితే పోదు సరికదా, ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. చేతిలో పట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు కూడా దాన్ని చెప్పలేదు, అది కరిగిన లవణాలన్నిటి మొత్తం మాత్రమే చూపిస్తుంది. ఊళ్లో నీళ్లు పరీక్షించే కిట్టు ఉంటే, దాన్ని వాడడం నేర్చుకున్న మహిళలను బడికి పిలిచి పిల్లల ముందే పరీక్ష చేయించండి. ఇంట్లో ఆర్వో ఉన్న పిల్లలు దాని వ్యర్థపు గొట్టం కింద బకెట్ పెట్టి, ఒక బిందె మంచినీళ్లకు ఎన్ని పోతున్నాయో కొలుచుకు రావాలి. అంట్లకు, ఇల్లు తుడవడానికి ఆ నీళ్లు పనికొస్తాయి.

నోటు పుస్తకం

వాన, బావి అంకెలు రాసే పుస్తకం ఒక్కటే ఉండాలి, బడిలోనే ఉండాలి. ఇద్దరిద్దరు పిల్లలకు వారం వంతు. వాన లేని రోజు 0 రాయాలి. చూడడం మరచిన రోజు 0 రాయకూడదు, 'చూడలేదు' అని రాయాలి. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే పుస్తకం మొత్తం పనికిరాదు. కొట్టివేతలు ఉండొచ్చు, వైట్‌నర్ వద్దు. దసరా, సంక్రాంతి సెలవుల్లో బడికి దగ్గర ఇల్లున్న పిల్లకు సీసా, గరాటు, పుస్తకం అప్పగించండి. దసరా సెలవులు నైరుతి వెళ్లిపోయి, ఈశాన్య రుతుపవనాల వానలు వచ్చే వేళ కాబట్టి ఆ రోజులు వదిలేస్తే నెల్లూరు, చిత్తూరు వైపు బడుల లెక్కలో పెద్ద కన్నం పడుతుంది. ఎనిమిదో తరగతి వాళ్లు వెళ్లిపోయే ముందు, ఏప్రిల్‌లోనే, ఆరో తరగతి వాళ్లను వారం రోజులు పక్కన నిలబెట్టి కొలవడం చూపించాలి.